వేట పడవకు ఎలాంటి పొయ్యి?

సంపాదకులకు నమస్కారం.

వేట నిషేధం అమల్లో ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో ఇంజన్ల మరమ్మతులు, వలల అల్లకాలు జోరుగా సాగుతాయి గానీ, బోటులో అన్నం వండే పొయ్యి గురించి ఆలోచించేవారు తక్కువ. 2023 డిసెంబరులో భైరవపాలెం సమీపంలో గ్యాస్ సిలిండర్ పేలి వేట బోటు తగలబడగా, అందులోని 11 మందిని కోస్ట్ గార్డ్ సిబ్బంది రక్షించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. ఇంట్లో లీకైతే తలుపు, కిటికీలు తెరిచి బయటికి పంపవచ్చు. బోటులో అయితే అది డెక్కు కిందికి దిగి, ఇంజను గది అడుగున నీళ్లలా నిలిచిపోతుంది. డీజిలు, చేపల కంపు మధ్య ఆ వాసనను కళాసీల ముక్కు పసిగట్టకపోవచ్చు, ఆపైన ఇంజను స్టార్టు చేసేటప్పుడు వచ్చే ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి సిలిండరు డెక్కు పైన, ఎండ తగలని చోట, గాలి ఆడేలా ఉండాలి.

చిన్న ఫైబర్ బోట్లవారు 5 కిలోల సిలిండరు నెత్తినే బర్నరు బిగించిన పొయ్యిని చవకని కొంటున్నారు. దానిపై అన్నం గిన్నె పెట్టాక బరువంతా పైనే ఉంటుంది, పక్కనుంచి ఒక్క కెరటం కొడితే గంజితో సహా ఒళ్లో పడుతుంది. సిలిండరును తాడుతో విడిగా కట్టి, ఐఎస్ఐ ముద్ర ఉన్న రబ్బరు గొట్టంతో, అడుగు వెడల్పుగా ఉన్న ఒంటి బర్నరు పొయ్యికి కలపడమే మేలు. ఆ పొయ్యిని ఇనుప ట్రేలో బోల్టులతో బిగించి, గిన్నె జారకుండా చుట్టూ కడ్డీలు వేయించాలి. ఈ పని ఏ వెల్డింగు షాపులోనైనా అవుతుంది. వంట కాగానే పొయ్యి నాబుతో సరిపెట్టక, సిలిండరు దగ్గరే గ్యాస్ కట్టేయాలి. ఉప్పుగాలికి రెగ్యులేటరు త్వరగా తుప్పు పడుతుంది గనుక వేటకు వెళ్లే ముందు సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూసుకోవాలి.

పంపు స్టవ్వే నయమనే పెద్దలు ఇంకా ఉన్నారు. కిరోసిన్ గ్యాస్‌ అంత తేలిగ్గా అంటుకోదన్నది నిజమే గానీ, ఊగే బోటులో ఆ స్టవ్వు బర్నరును వేడిచేసి వెలిగించేటప్పుడు మంట ఎగదన్నుతుంది, పైగా ఇప్పుడు కిరోసిన్ దొరకడమే గగనం.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు భద్రతా కిట్లు ఇచ్చే ఏర్పాటు ఉన్నందున, వాటిలో ఇలాంటి పొయ్యి ట్రేను కూడా చేర్చాలని మత్స్యశాఖను కోరుతున్నాను. బోట్ల తనిఖీకి వచ్చే అధికారులు లైసెన్సు కాగితాలతో పాటు సిలిండరు ఎక్కడ పెట్టారో కూడా చూడాలి.

— ఒక బోటు యజమాని, కాకినాడ