వార్షిక నివేదిక: వైద్య అధ్యాపకుల బర్నౌట్ నివారణకు చేపట్టిన కార్యక్రమాలు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

బోధనాసుపత్రుల్లో పనిచేసే వైద్య అధ్యాపకులు బర్నౌట్‌కు, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోయి పని మీద మనసు విరిగిపోయే స్థితికి, లోను కాకుండా చూడడాన్ని ఈ సంవత్సరం సంఘం ప్రధాన కార్యక్రమంగా చేపట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-11 బర్నౌట్‌ను వ్యాధుల్లో చేర్చలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడి అదుపులోకి రాకపోవడం వల్ల తలెత్తే వృత్తి సంబంధమైన స్థితిగా నిర్వచించింది. కారణం పనిచేసే చోటే ఉన్నప్పుడు, అలసిపోయిన వైద్యులకు ధ్యానం నేర్పి ఊరుకుంటే సరిపోదని కార్యవర్గం అభిప్రాయపడింది.

ఓపీ, వార్డు రౌండ్లు, రాత్రి డ్యూటీలు, పీజీల థీసిస్‌లు, పరీక్షల నిర్వహణ, పదోన్నతికి అవసరమైన పరిశోధనా పత్రాలు అన్నీ ఒక్కరి మీదే పడుతున్నప్పుడు, రోగుల తాకిడి పెరిగిన ప్రతిసారీ ముందుగా కోతపడేది రోగి మంచం పక్కన నిలబడి విద్యార్థులకు చెప్పే పాఠమే. చాలామంది ఈ ఉద్యోగంలోకి వచ్చింది ఆ పాఠం మీది మక్కువతోనే కాబట్టి, ఈ నష్టాన్ని సంఘం చిన్నదిగా చూడడం లేదు. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ అధ్యాపకులపై 2009లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, తమకు అత్యంత అర్థవంతంగా తోచే పనికి కనీసం 20 శాతం సమయం, అంటే వారానికి సుమారు ఒక రోజు, కేటాయించగలిగినవారిలో బర్నౌట్ 29.9 శాతం ఉండగా, అంత సమయం దొరకనివారిలో 53.8 శాతం ఉంది.

ఈ ఆధారంతోనే, బోధనకు కేటాయించిన గంటలను డ్యూటీ చార్టులో స్పష్టంగా చూపాలనీ, ఆ వేళల్లో ఓపీ బాధ్యతను మరొకరికి అప్పగించాలనీ విభాగాధిపతులను కోరాం. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. సిబ్బంది కొరత వల్ల ఒప్పుకోలేకపోయిన విభాగాల ఇబ్బంది నిజమైనదే. అయితే ఆ కొరతను అధ్యాపకుల ఆరోగ్యంతో పూడ్చడం న్యాయం కాదని వారికి వినయంగానే విన్నవించాం.

సహోద్యోగులు చిన్న బృందాలుగా కూర్చుని మాట్లాడుకునే సమావేశాలు రెండో ప్రయత్నం. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వైద్యులతో జరిపి 2014లో ప్రచురించిన ప్రయోగాత్మక అధ్యయనంలో ఇటువంటి సమావేశాలకు రెండు వారాలకొకసారి పనివేళల్లోనే గంట సమయం ఇవ్వగా, వృత్తిలో నిమగ్నత పెరిగి, రోగుల పట్ల యాంత్రికంగా మెలగడం తగ్గింది. మన బృందాలూ పనివేళల్లోనే కలిశాయి. అక్కడ పంచుకున్న మాటలేవీ పై అధికారులకు చేరవన్న హామీ కుదిరిన తరువాతే కొత్తగా చేరిన అధ్యాపకులు నోరు విప్పారని ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది.

ప్రపంచ వైద్య సంఘం 2017లో సవరించిన, వైద్య వృత్తి ధర్మాలకు సంబంధించిన జెనీవా ప్రతిజ్ఞలో వైద్యులు తమ ఆరోగ్యాన్ని కూడా కాపాడుకుంటామన్న వాక్యం చేరింది. దాన్ని విద్యార్థుల చేత చదివించే అధ్యాపకులకే ఆచరించే వీలు లేకపోవడం మమ్మల్ని బాధిస్తోంది.

వచ్చే సంవత్సరం గుమాస్తా పనుల భారంపై దృష్టి పెట్టాలని ప్రతిపాదిస్తున్నాం. వైద్య అర్హత అవసరం లేకున్నా తమ చేత చేయిస్తున్న పనుల జాబితాను సభ్యులు సర్వసభ్య సమావేశానికి ముందుగా కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.