దారి తప్పితే వంక వెంట దిగొద్దు

సంపాదకులు గారికి,

ఇంగ్లండు చదువులకు వెళ్ళే పిల్లల కోసం మీరు వేసిన సామాన్ల జాబితా బాగుంది. చివర్లో ‘సెలవు రోజుల్లో లేక్ డిస్ట్రిక్ట్ కొండలు ఎక్కిరావచ్చు, చిన్నవే’ అన్న ఒక్క మాటతోనే పేచీ. లేక్ డిస్ట్రిక్ట్ అంటే ఇంగ్లండు వాయవ్యంలోని కొండలు, సరస్సుల సీమ. ఎత్తు వరకూ నిజం. ఇంగ్లండులోకెల్లా పెద్దదైన స్కాఫెల్ పైక్ 978 మీటర్లు. మన హార్స్‌లీ హిల్స్ 1,200 దాటుతుంది, పైదాకా బస్సే పోతుంది. అయినా అక్కడివాళ్ళు ‘ఫెల్’ అనే ఆ కొండల మీద మన అలవాట్లు చాలావరకు తిరగబడతాయి.

పాలకొండల్లో మనిషిని పడగొట్టేది ఎండ, దప్పిక. అక్కడ తడి, గాలి. అనంతపురంలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. స్కాఫెల్ పైక్ పక్క లోయలోని సీత్‌వైట్‌లో 3,000 దాటుతుంది. నూలు చొక్కా చెమట పీల్చి, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది కాబట్టే మనకు హాయి. ఆ గుణమే అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. కింద 10 డిగ్రీలుంటే శిఖరం మీద నాలుగే. గంటకు 50 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి సున్నా కన్నా తక్కువగా తగులుతుంది. ఒంటికి అంటి పాలిస్టర్ లేదా ఉన్ని బనియను, దానిపై ఫ్లీసు (వెచ్చగా ఉండే నూగు చొక్కా), ఆపైన కుట్లకు టేపు వేసిన వానకోటు, వాన ప్యాంటు కావాలి. జీన్స్ అసలే వద్దు. బ్యాగుకు పైన తొడిగే కవరును గాలి ఎత్తుకుపోతుంది. ఎరువుల బస్తా లోపల ఉండేలాంటి మందపాటి ప్లాస్టిక్ సంచి, కొత్తది, బ్యాగు లోపలే పరిచి మూతి మెలితిప్పితే మేలు.

చలికి తోటివాడు జిప్పు వేసుకోలేక తడుముకుంటున్నా, మాట ముద్దగా వస్తున్నా గాలి తగలని చోట ఆపి, తడి బట్టలు మార్చి, తీపి తినిపించాలి. చెనిక్కాయల ఉండలు ఇందుకు భేషుగ్గా పనికొస్తాయి. వణుకు ఆగిపోతే తేరుకున్నాడనుకోవద్దు. ఒళ్ళు చేతులెత్తేసిందన్నమాట.

నడక లెక్కకు 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు చెప్పిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. కొండ కింద వాస్డేల్ లోయలోని వాస్డేల్ హెడ్ నుంచి స్కాఫెల్ పైక్‌కు పోనూ రానూ సుమారు 9 కిలోమీటర్లు, ఎక్కుడు 900 మీటర్లు. లెక్కకు మూడు గంటల ఇరవై నిమిషాలు వస్తుంది. అందులో ఆగడాలు లేవు, పైన బండరాళ్ళ మీద చూసి చూసి అడుగేయడం లేదు. కొత్తవాళ్ళు ఆరు గంటలు పెట్టుకోవాలి. డిసెంబరులో నాలుగు కొట్టకముందే పొద్దుగూకుతుంది. అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవారికి ఎక్కుడు భయం ఉండదు గానీ, ఫెల్ మీద దీపాలూ ఉండవు, మెట్లూ ఉండవు.

అసలు ముప్పు మబ్బు కమ్మినప్పుడు. దారి తప్పితే వంక వెంట దిగు, ఊరు తగులుతుంది అని మన పెద్దలంటారు. స్కాఫెల్ పైక్ మీద ఆ మాట పాటిస్తే పియర్స్ గిల్‌లో పడతారు. గిల్ అంటే వంకే, కానీ ఇది నిట్టనిలువు బండల మధ్య సందు. కొంత దూరం జారుతూ దిగొచ్చు, తర్వాత కిందికీ పోలేరు, పైకీ రాలేరు. అదే శిఖరం నుంచి వాస్డేల్‌కు బదులు అవతలి లోయ బారోడేల్‌లోకి దిగితే ప్రాణానికి ముప్పు లేదు, కారు పెట్టిన చోటికి రోడ్డున బండిలో గంటకు పైగా చుట్టు తిరిగి రావాలి, అంతే. కాబట్టి ఆర్డినెన్స్ సర్వే అనే అక్కడి సర్కారు మ్యాపుల సంస్థ వారి 1:25,000 స్కేలు మ్యాపు, దిక్సూచి, వాటిని వాడడం తెలిసిన చేయి ఉండాలి. ఫోన్ తెర తడిస్తే వేలి మాట వినదు, చలికి బ్యాటరీ దిగిపోతుంది.

ఆపదలో 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, వారి ద్వారా మౌంటెన్ రెస్క్యూను, అంటే కొండల మీద ఆదుకునే దళాన్ని అడగాలి. వచ్చేది స్వచ్ఛంద కార్యకర్తలు, డబ్బు తీసుకోరు. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి. మూడు ఊదులు వినిపిస్తే అది జవాబు. జవాబు వచ్చినా ఊదడం ఆపొద్దు, వాళ్ళు ఆ చప్పుడు పట్టుకునే రావాలి.

ఈసారి ఆ జాబితా వేసేటప్పుడు ప్రెషర్ కుక్కరు, ఊరగాయ కింద వానకోటు, విజిల్, తలకు కట్టుకునే టార్చి కూడా చేర్చగలరు.

— కొండనడక తెలిసిన కొందరు పాఠకులు, ప్రొద్దుటూరు, కడప జిల్లా