పూర్ణా మార్కెట్ దగ్గర కలిసిన అక్కకు

పేరడిగితే "అక్కా అను, చాలు" అన్నారు. అందుకే ఇలా రాస్తున్నాను.

మా నాన్న విశాఖ పూర్ణా మార్కెట్లో మూటలు మోసే కలాసీ. దగ్గు తగ్గట్లేదని మీరే పట్టుబట్టి పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. క్షయ అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మందులు ఉచితమని, మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుందని ఓపిగ్గా చెప్పారు. పోషకాహారానికి కేంద్రం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలైందని మాకు తెలియదు. దగ్గరుండి బ్యాంకు ఖాతా తెరిపించారు. గుడ్లు, పప్పు ఆ డబ్బుతోనే కొన్నాం.

అన్నిటికంటే, చుట్టాలే గుమ్మం ఎక్కని రోజుల్లో మీరు నాన్న పక్కన కూర్చుని టీ తాగారు. అది మాకు మందుకంటే ఎక్కువ.

నాన్న మళ్లీ పనికెళ్తున్నారు. అమ్మ చేపల పులుసు పెడతానంటోంది, ఒక్కసారి రండి అక్కా.