పెంపుడు కుక్కల నోటీసు ఉపసంహరణ, సక్రమ నిర్వహణ గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
అపార్ట్‌మెంట్ నిర్వహణ సంస్థ, హైదరాబాద్.

అయ్యా,

కుక్కలున్న ఫ్లాట్లు నెలకు 500 రూపాయలు అదనంగా కట్టాలని, కుక్కలను లిఫ్టు ఎక్కించకూడదని, కిందికి తెస్తే మూతికి చిక్కం తప్పదని గేటు దగ్గర మీ నోటీసు ఉంది. జనరల్ బాడీ మినిట్స్‌లో ఈ మూడూ లేవు. రేపు తీర్మానం చేసినా నిలవవు. భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరి 26న అసోసియేషన్లకు పంపిన మార్గదర్శకాలు లిఫ్టు నిషేధాన్ని, చిక్కం షరతును, కుక్క పేరిట ప్రత్యేక రుసుమును కాదన్నాయి. మెజారిటీ ఓటుతోనైనా పెంపకాన్ని ఆపలేరని కూడా చెప్పాయి. లిఫ్టులు రెండుంటే ఒకదాన్ని వీటికి కేటాయించవచ్చు, అంతవరకే.

అలాగని కుక్కల యజమానులకు మేం వకాల్తా పుచ్చుకోవడం లేదు. పట్టీ లేకుండా వదిలే వాళ్లను మీ గార్డులు చూసీ చూడనట్టు పోనిస్తున్నారు. నిజానికి గట్టిగా పట్టుకోవలసింది అక్కడే. కుక్క వల్ల ఎదుటివారికి ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నోటీసులో రాయవలసిన మాట ఇది. లిఫ్టులో పట్టీ నాలుగడుగులు మించకూడదని, సాగే పట్టీలు వద్దని కూడా రాయండి. ఆ సన్నటి తాడును తలుపు సెన్సార్ ఒక్కోసారి పసిగట్టదు. కుక్క బయట, మనిషి లోపల ఉండగా లిఫ్టు కదిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక వాసన. లిఫ్టులో మూత్రం పడ్డ చోట మీ హౌస్‌కీపింగ్ వాళ్లు ఫినాయిల్ పోసి తుడుస్తున్నారు. మన ముక్కుకు వాసన తగ్గుతుంది గానీ కుక్క ముక్కుకు తగ్గదు, అందుకే మళ్లీ అదే మూలన పోస్తుంది. బ్లీచింగ్ ఇంకా చెడ్డది: మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఘాటు వాయువు పుడుతుంది, మూసిన లిఫ్టులో ఊపిరాడదు. ముందు పాత గుడ్డతో పూర్తిగా అద్ది తీయాలి, తరువాత మూత్రాన్ని విరగ్గొట్టి వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి పది పదిహేను నిమిషాలు వదిలేయాలి, ఆపైన నీళ్లతో తుడవాలి. తలుపు కింది గాడిలోకి దిగినదాన్ని కూడా తీయకపోతే ఇనుము తుప్పు పడుతుంది.

మలం ఎత్తేందుకు సెల్లార్ దారిలో మూత ఉన్న డబ్బా, కవర్లు పెట్టండి. మలాన్ని తడి చెత్త ఎరువు గుంతలో వేయించకండి. గుంత వేడికి నులిపురుగుల గుడ్లు చావవు. పిల్లల ఇసుక గుంతకు రాత్రిపూట మూత వేయించండి.

ఫ్లాటు వారీ రిజిస్టరులో ఏటా రేబిస్ టీకా తేదీ, జీహెచ్ఎంసీ లైసెన్సు నంబరు ఉంటే చాలు, కుక్క జాతి, సైజు అడగనక్కర్లేదు. నియమం తప్పిన వారి జరిమానా గార్డు చేతికి ఇచ్చే డబ్బు కాకూడదు. ఫోటో, తేదీ, సమయంతో ఫిర్యాదు రాసుకుని, ముందు రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి, తరువాతే బైలాస్‌లో ఉన్న మొత్తాన్ని రసీదుతో వసూలు చేయాలి.

పాత నోటీసు తీసేసి, ఇప్పటికే వసూలు చేసిన 500 రూపాయలను వచ్చే నెల మెయింటెనెన్స్ బిల్లులో తగ్గించి, ఏడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే మీ కాంట్రాక్టు పొడిగింపు చర్చకు వచ్చే జనరల్ బాడీలో ఈ లేఖను అజెండాలో పెడతాం.

ఇట్లు,
ఫ్లాట్ల యజమానులు, అద్దెదారులు
ప్రతి: అసోసియేషన్ కార్యదర్శి గారికి