కొచ్చి పోయే బ్యాచోళ్లకు

అందరికి నమస్తే! మనోడు, చెల్లె మొన్న మాల్దీవుల రాజధాని మాలే నుంచి తెరచాప పడవ తీసిండ్రు. పానగల్ ఉదయసముద్రం చెరువుల ఈత నేర్చినోడు అసలు సముద్రం దాటి కొచ్చికి వస్తుండు!

వాళ్లను కలవనీకె మన ప్రయాణం జనవరి 23, శుక్రవారం. శబరి ఎక్స్‌ప్రెస్ నల్లగొండలనే ఎక్కాలె, ఎర్నాకులం టౌన్‌ల దిగాలె. టికెట్ పైసలు ఆదివారం లోపల నాకు పంపుండ్రి. ఇంకా నలుగురు పంపలే, పేర్లు చెప్పనియ్యకుండ్రి.

"ఏ టైముకు చేరుతరు?" అని దయచేసి అడగకుండ్రి. ఈ కాలంల ఈశాన్యం గాలి, వాళ్లకు ఎదురుగాలి. మంచిగ నడిస్తెనే గంటకు 9 కిలోమీటర్లు, మన కాలేజీ సైకిలే నయం.

పడవ రాంగనే ఉరికి ఎక్కనీకె లేదు. ముందు తనిఖీలు కావాలని పసుపు జెండా కడతరు. పోర్ట్ హెల్త్, కస్టమ్స్, ఇమిగ్రేషన్ అయ్యేదాక వాళ్లు దిగొద్దు, మనం ఎక్కొద్దు. పూర్తి రోజు పట్టొచ్చు. అన్నీ అయినంక బోల్గట్టి మెరీనాల కలుద్దాం.

తినేటియి తెచ్చేటోళ్లకు ఒక మాట: సంక్రాంతి సకినాలు, అరిసెలు, మామిడికాయ తొక్కు ఏదైనా సరే, మూత గట్టి డబ్బాలనే. అట్టపెట్టెలు అస్సలొద్దు. అట్ట మడతలల్ల బొద్దింక గుడ్లుంటయి, పడవలకు చేరితే ఇగ పోవు. చెల్లె రెండుసార్లు చెప్పింది.

చెప్పులు ఒడ్డునే ఇడవాలె, గుడికి పోయినట్టే. సూట్‌కేసులొద్దు, మెత్త బ్యాగులు తెచ్చుకోండ్రి.

వచ్చేటోళ్లు ఇయ్యాల రాత్రి లోపల పేరు పెట్టుండ్రి. ఉత్త బొటనవేలు ఎమోజీ పెడితే లెక్కల రాదు!