మోరిస్ ట్రావెలర్ వెనకున్న చెక్క సోకు కోసం పెట్టింది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత యూరప్ కార్ల మీద ఆదివారం మీరు వేసిన వ్యాసం చాలా బాగుంది, ఫొటోలైతే కత్తిరించి దాచుకున్నాను. కానీ పాత బ్రిటిష్ కారు మోరిస్ మైనర్ ట్రావెలర్‌కి చెక్క బద్దలు అందం కోసం బిగించారని రాశారు, అది మాత్రం తప్పండీ.

1953లో వచ్చిన ఈ బండికి ముందు సగం ఉక్కు బాడీ. అలెక్ ఇస్సిగోనిస్ డిజైన్ చేసిన, 1948లో మార్కెట్లోకి వచ్చిన మైనర్ కారుదే అది. ముందు తలుపులు దాటి వెనక్కి వస్తే నేల తప్ప మిగతా బాడీని నిలబెట్టేది యాష్ అనే చెట్టు చెక్కతో కట్టిన చట్రమే. మధ్యలో కనిపించే రంగేసిన పలకలు అల్యూమినియంవి. వెనక పైకప్పు, పక్క కిటికీలు, చివర చెరో పక్కకి తెరుచుకునే రెండు తలుపులు, అన్నిటి బరువూ ఆ చెక్కే మోస్తుంది. అమెరికాలో తర్వాతి రోజుల్లో ఉక్కు మీద చెక్క డిజైన్ షీటు అంటించి అమ్మిన బండ్లతో దీన్ని ఒకే గాటన కట్టకూడదు.

ఇంత చిన్న విషయానికి ఉత్తరం ఎందుకంటారేమో, ఇది భద్రతకు సంబంధించింది. బ్రిటన్‌లో బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్షలో ఈ చెక్క చివికిపోయిందని తేలితే బండి ఫెయిలే, ఉక్కు బాడీకి తుప్పు పట్టినట్టే లెక్క. అయితే ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో 2018 మే నుంచి, 40 ఏళ్లు దాటి పెద్ద మార్పులేవీ చేయని బండ్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. ట్రావెలర్ తయారీ 1971లోనే ఆగిపోయింది కాబట్టి దాదాపు అన్నీ ఆ మినహాయింపులోకే వస్తాయి. అంటే ఇప్పుడు ఓనరు చూసుకోకపోతే ఇంకెవరూ చూడరు, నాకు టెన్షన్ అక్కడే. చట్టం అడగకపోయినా ఏటా ఒకసారి పరీక్షకి తీసుకెళ్లడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇంజిన్ సంగతి పెద్ద బెంగ కాదు, విడిభాగాలు దొరుకుతూనే ఉన్నాయి. చూడాల్సింది పక్క కిటికీల కింద. అవి జరిపే అద్దాలు, వాటి గాడిలో వాననీళ్లు నిలిచి నాచు పడుతుంది, ఆ తడి మెల్లగా కింది చెక్కలోకి దిగుతుంది. వార్నిష్ ఒక్కచోట పగిలినా చాలు, లోపలికెళ్లిన నీళ్లు బయటికి రావు, పైకి నిగనిగలాడుతూనే అతుకుల దగ్గర చెక్క నల్లబడుతుంది. కొనేవాళ్లు ఆ నల్లటి చోట, వెనక చక్రం పైనుండే వంపు చెక్క మీద స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కి చూడాలి. మొన దిగబడితే పైన ఎంత పాలిష్ ఉన్నా ఆ బేరం వదిలేయాల్సిందే, లేదా చట్రం మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనాలి. కొత్త చెక్క సెట్లు బ్రిటన్‌లో ఇప్పటికీ తయారవుతున్నాయి, కానీ వాటిని బిగించడం మామూలు మెకానిక్ పని కాదు.

దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి. వీలైతే ఆ కిటికీ గాడిని దగ్గర్నుంచి తీసిన ఫొటో కూడా వేయండి.

- మీ పాఠకుడు