ఒడ్డున ఉన్న పార్కు గురించి

అమ్మలూ,

మీ వీధి చివర నీటి ఒడ్డున ఉన్న పార్కు గురించి ఫోనులో మొదలుపెడితే నువ్వు మధ్యలోనే మాట మార్చేస్తావు. అందుకే ఉత్తరం. "అక్కడేముంది నాన్నా, రెండు బెంచీలు, కోయని గడ్డి" అన్నావు. నువ్వు ఆఫీసుకు వెళ్ళిన తర్వాత నేను కాలక్షేపం చేసింది అక్కడే కాబట్టి, ఏముందో చెప్పే హక్కు నాకుంది.

ముందు ఆ గడ్డి సంగతి. ఎవరూ పట్టించుకోక పెరిగింది కాదది, పార్కును చూసుకునే మీ వీధివాళ్ళే ఒడ్డు వెంబడి కావాలని వదిలేశారు. పొట్టిగా కత్తిరించే పచ్చికకు వేళ్ళు లోతుకు దిగవు. తుంగ, రెల్లు లాంటివి అలా కాదు, మట్టిని అల్లుకుని పట్టి ఉంచుతాయి. వాటి కాడలు అల జోరునూ తగ్గిస్తాయి. వాన నీటితో కొట్టుకొచ్చే ఎరువు, మట్టి చాలావరకు అక్కడే ఆగిపోతాయి. "గోడ కట్టేస్తే సరిపోదా?" అని అక్కడ కలుపు తీస్తున్న పెద్దావిడను అడిగాను. నిటారు గోడకు తగిలిన అల వెనక్కి మళ్ళి గోడ పాదం దగ్గరి మట్టినే తవ్వుకుపోతుందని ఆవిడ నాకు పాఠం చెప్పింది. చేతిలో పని మాత్రం ఆపలేదు.

బాతులకు రొట్టె వేయవద్దని ఒక బోర్డు ఉంది. అది చూసి మొహం ముడుచుకునేవాళ్ళు ఉన్నారు. రొట్టె వాటి కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు. తినగా మిగిలింది నీళ్ళలో కుళ్ళి నాచుకు ఎరువవుతుంది. నాచు విపరీతంగా పెరిగి చచ్చినప్పుడు, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అప్పుడు చేపలు తేలతాయి. సిగరెట్ పీకలూ అంతే. వాటి ఫిల్టరు దూదిలా కనిపిస్తుంది గానీ అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. పిల్లలు వాటిని పటకారుతో ఏరుతుంటే, పారేసినవాళ్ళను పిలిచి చూపించాలనిపించింది.

పదిమందిదైన ఆస్తి పాడవక తప్పదని, దాన్ని ప్రభుత్వమో సొంతదారో చూసుకోవాల్సిందేనని చాలామంది నమ్ముతారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ సాగునీటి కాలువలు, చేపల వేట, అడవులు పరిశీలించి, వాడుకునేవాళ్ళే నియమాలు పెట్టుకుని, వాళ్ళే కాపలా కాసుకుంటే అవి చాలాచోట్ల తరతరాలు నిలిచాయని చూపించింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆవిడే. మీ పార్కులో కాపలావాడు లేడు. ఎవరు ఏ వారం నీళ్ళు పోయాలో రాసిన కాగితం ఒకటి చెట్టుకు వేలాడుతోంది, అంతే.

నాకు నచ్చనిదీ ఒకటుంది. బెంచీలు రెండూ పడమటి ఎండకు ఎదురుగా వేశారు. అడిగితే పక్కనే నాటిన మొక్కను చూపించారు. దాని నీడ కోసం ఏళ్ళు ఆగాలి! ఆ మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచారు గానీ కాండానికి ఆనించలేదు. ఆనిస్తే తేమకు బెరడు కుళ్ళుతుంది. ఈ మాత్రం తెలిసినవాళ్ళు బెంచీ దగ్గర ఎలా పొరబడ్డారో.

అన్నట్టు, శనివారం ఉదయం గుర్రపు డెక్క తీసే పని ఉందట. వదిలేస్తే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది, మనుషులు చాలడం లేదన్నారు. నీ పేరు రాయించి వచ్చాను. చేతి తొడుగులు వాళ్ళే ఇస్తారు, పాత బూట్లు నువ్వు వెతుక్కో. కోపం వస్తే ఫోను చెయ్యి, కానీ శనివారం మధ్యాహ్నం తర్వాతే.

నాన్న